కౌలు కార్డు నుంచి నష్టం జాబితా దాకా: ఈ సార్వాలో నా అనుభవం

మాది కోనసీమలో గౌతమికీ వైనతేయకూ మధ్యనున్న ఊరు. నాలుగు ఎకరాలు కౌలుకు చేస్తున్నాం. మా ఆయన మస్కట్‌లో పనిచేస్తారు. చేను నేనూ మా మావయ్యగారూ చూసుకుంటాం. 2025 సార్వాకు, అంటే ఖరీఫ్ వరి పంటకు, మొదటిసారి నా పేరు మీద పంట సాగుదారు హక్కుల కార్డు (మేం కౌలు కార్డు అంటాం) తీసుకున్నాను. ఆ కార్డు చేతికి రావడం, మొంథా తుపానుకు చేను పడిపోవడం, నష్టం జాబితాలో పేరు కోసం తిరగడం, మా పంచాయతీ కౌలుదార్ల పక్షాన నిలబడడం, అన్నీ ఒక్క పంట కాలంలోనే జరిగాయి. పక్క ఊళ్ల నుంచి చుట్టాలు, తెలిసినవాళ్లు ఫోన్ చేసి ఎలా జరిగిందని అడుగుతున్నారు. ఫోనులో అందరికీ అన్నీ చెప్పడం కుదరడం లేదు. అందుకే వరుసగా రాస్తున్నాను.

జూన్‌లో కాలువలకు నీళ్లొచ్చాయి. ఆకుమళ్లు (నారుమళ్లు) సిద్ధం చేసుకుంటున్న సమయంలో, 18వ తేదీన, రైతు సేవా కేంద్రం దగ్గర కౌలు కార్డుల కోసం దరఖాస్తులు తీసుకుంటారని దండోరా వేయించారు. నేను పొద్దున్నే వెళ్లాను. వ్యవసాయ సహాయకుడు ఫారం ఇచ్చి అన్నీ ఓపికగా చెప్పాడు. కార్డు పదకొండు నెలలే చెల్లుతుంది. పంట మీద హక్కు సాగు చేసినవాళ్లది, భూమి మీద హక్కు యజమానిది. కార్డు ఉంటే పంట నమోదు, పంట రుణం, బీమా, నష్టపరిహారం, ధాన్యం అమ్మకం అన్నీ సాగుదారు పేరు మీదే జరుగుతాయి. జత చేయాల్సినవి ఇద్దరి ఆధార్ నకళ్లు, పట్టాదారు పాసుపుస్తకం నకలు. రుసుము ఏమీ లేదు. ఫారం నింపడానికి పావుగంట కూడా పట్టలేదు. కానీ చివర్లో ఉన్న ఒక్క గడి దగ్గర ఊళ్లో కౌలుదార్లమంతా ఆగిపోయాం. అది భూ యజమాని సంతకం.

2011 చట్టం ప్రకారం ఇచ్చిన పాత రుణ అర్హత కార్డులకు ఈ సంతకం అక్కర్లేదు. 2019లో వచ్చిన చట్టం దాన్ని తప్పనిసరి చేసింది. అందువల్ల కౌలుదారుకు కార్డు వస్తుందా రాదా అన్నది ఇప్పుడు కామందు, అంటే భూ యజమాని, మనసు మీద ఆధారపడి ఉంది. మా కామందు గారు హైదరాబాద్‌లో ఉంటారు. మనిషి మంచివారు, మక్తా (కౌలు కింద ఇచ్చే ధాన్యం) కోసం ఎప్పుడూ మమ్మల్ని ఇబ్బంది పెట్టలేదు. ఆ సాయంత్రమే ఫోన్ చేశాను.

“అమ్మా, నీ మీద నమ్మకం లేక కాదు. కౌలు కాగితం మీద సంతకం పెట్టి మా నాన్నగారు ఏళ్ల తరబడి కోర్టుకు తిరిగారు. ఆ పని మాత్రం చేయవద్దని మాకు చెప్పి పోయారు” అన్నారు.

ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. 1956 కౌలు చట్టం ఇక్కడి పెద్ద కుటుంబాల్లో చాలామందికి గుర్తుంది. ఒకసారి కౌలుకిస్తే ఇక లేపడం కష్టమన్న మాట తాతల నాటి నుంచి వస్తోంది. అందుకే మా వైపు కౌలు అంతా నోటి మాట మీదే నడుస్తుంది. కార్డు చట్టం వేరు, ఆ చట్టం వేరు అని ఫోనులో చెప్పబోయాను. “చూద్దాంలే అమ్మా” అని పెట్టేశారు. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. చేను మాది కాదు, సరే. కానీ ఆకుమడి నుంచి కుప్ప దాకా పెట్టుబడి మాది, అప్పు మాది, నడుము నొప్పి మాది. అవన్నీ మావేనని చెప్పే కాగితానికి ఇంకొకరి దయ కావాలంటే మనసు చివుక్కుమంటుంది.

నా పరిస్థితి కొంత నయం. మా వీధి చివర మూడెకరాలు చేసే ఒకాయన సంతకం అడిగితే, ఆయన కామందు “నీకు ఈ ఏడు చేను వద్దులే, ఇంకొకరికి మాట ఇచ్చాను” అన్నారు. అప్పటికే ఆకుమడి పోశారు, దుక్కి చేయించారు. ఆయన భార్య మా ఇంటి అరుగు మీద కూర్చుని ఏడ్చింది. ఆ సంగతి పంచాయతీ దాకా వెళ్లింది. జూన్ 27న సర్పంచ్ గారు గ్రామసభ పెట్టించారు. కౌలుదార్లనూ కామందులనూ ఒకేచోట కూర్చోబెట్టి మాట్లాడించడం నాకు తెలిసి మా ఊళ్లో అదే మొదలు.

సభ సాఫీగా జరగలేదు. మొదటి అరగంట కేకలే. ఒక కామందు లేచి, కార్డు ఇస్తే మాకు వచ్చే పీఎం కిసాన్ ఆగిపోతుందా అని అడిగారు. ఆగదని వ్యవసాయ సహాయకుడు చెప్పాడు. ఇంకొకరు, కార్డు చూపించి రేపు చేను నాదేనంటే ఎవరిది పూచీ అని అడిగారు. అప్పుడు రిటైరైన హెడ్మాస్టరు గారు ఒకరు లేచారు. 2019 చట్టం తెలుగు ప్రతి చేతిలో పట్టుకుని వచ్చారు. యజమాని హక్కులకు భంగం లేదన్న భాగాన్ని నెమ్మదిగా, పదం పదం విడదీసి చదివారు. కావాలంటే ఎవరైనా వచ్చి చూసుకోవచ్చని ఆ పుస్తకాన్ని బల్ల మీద పెట్టారు. ఇద్దరు ముగ్గురు నిజంగానే వెళ్లి చూశారు. ఆ తర్వాత సభలో కేకలు తగ్గాయి.

సర్పంచ్ గారు దాపరికం లేకుండా మాట్లాడారు. “ఎవరి చేతా బలవంతంగా సంతకం పెట్టించే అధికారం పంచాయతీకి లేదు. ఆ మాట ముందే చెబుతున్నాను. కానీ ఆకుమడి పోసినవాణ్ని మధ్యలో లేపడం ధర్మం కాదని చెప్పే అధికారం ఈ ఊరికి ఉంది” అన్నారు. పాలకవర్గం అక్కడికక్కడే తీర్మానం రాసింది. ఆకుమడి పోసిన కౌలుదారును ఆ పంట ఒబ్బిడి అయ్యేదాకా మార్చకూడదు. కార్డు వల్ల భూమి హక్కు మారదని పంచాయతీ తరఫున యజమానులకు ఉత్తరం ఇవ్వాలి. ఊళ్లో లేని యజమానులకు కబురు చేరవేసే బాధ్యత కొందరు ముందుకొచ్చి తీసుకోవాలి. వార్డు సభ్యులందరూ సంతకాలు పెట్టారు. మూడెకరాల ఆయన కామందు ఆ రోజు సభకు రాలేదు. సర్పంచ్ గారు, ఇద్దరు పెద్దలు మర్నాడు ఆయన ఇంటికే వెళ్లారు. ఏం మాట్లాడారో నాకు తెలియదు. ఆ రైతు ఊడ్పులు ఊడ్చుకున్నాడు. సంతకం మాత్రం ఆయనకు ఇప్పటికీ దొరకలేదు.

కబురు చేరవేసే బాధ్యత తీసుకున్నవాళ్ల గురించి చెప్పాలి. హెడ్మాస్టరు గారు, అమలాపురంలో డిగ్రీ చదివే ఇద్దరు కుర్రాళ్లు, డ్వాక్రా సంఘం లీడరు, బస్టాండు దగ్గర జిరాక్సు కొట్టు నడిపే అబ్బాయి. వీళ్లకు జీతం లేదు, ఏ పార్టీ కండువా లేదు. రోజూ పొద్దుగూకాక పంచాయతీ వరండాలో కూర్చునేవారు. రాయడం రానివాళ్ల ఫారాలు నింపేవారు. ఆధార్‌లో పేరూ పాసుపుస్తకంలో పేరూ తేడా ఉంటే ముందే పట్టుకునేవారు. పంచాయతీ ఉత్తరాన్ని ఫొటో తీసి, చట్టంలోని వాక్యంతో కలిపి, హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ ఉన్న కామందులకు వాట్సాప్‌లో పంపేవారు. జిరాక్సు అబ్బాయి కౌలుదార్ల కాగితాలకు డబ్బు తీసుకోలేదు. నేను ఇవ్వబోతే “పంట చేతికొచ్చాక చూద్దాం అక్కా” అన్నాడు.

మా కామందు గారికీ ఆ ఉత్తరం వెళ్లింది. వాళ్ల నాన్నగారి సంవత్సరీకానికి జూలై 13న ఊరు వచ్చారు. భోజనాలయ్యాక కబురు పెడితే మావయ్యగారూ నేనూ వెళ్లాం. హెడ్మాస్టరు గారు అప్పటికే అక్కడ ఉన్నారు. కామందు గారు ఆయన దగ్గరే చదువుకున్నారట. ఫారం రెండుసార్లు చదివి, “మాస్టారూ, మీరు చెప్పారు కాబట్టి పెడుతున్నాను” అని సంతకం చేశారు. మావయ్యగారికి కళ్లనీళ్లు తిరిగాయి. ముప్ఫై ఏళ్లుగా ఆ చేలు చేస్తున్నారు, ఆ సంగతి ఒక కాగితం మీదకు ఎక్కడం ఆయన అదే మొదటిసారి చూడడం.

ఇక్కడ ఎవరూ ముందుగా చెప్పని చిక్కు ఒకటి బయటపడింది. నాలుగు ఎకరాల్లో రెండున్నర మాత్రమే కామందు గారి పేరున ఉంది. మిగతా ఎకరంన్నర ఇంకా చనిపోయిన వాళ్ల నాన్నగారి పేరునే ఉంది, వారసుల పేరు మీదకు మార్పించలేదు. చనిపోయినవారి సంతకం ఎక్కడి నుంచి తెస్తాం? అందుకని కార్డు రెండున్నర ఎకరాలకే వచ్చింది. మీరు కార్డుకు వెళ్లేముందు మీ కామందు పాసుపుస్తకంలో ప్రతి సర్వే నంబరూ ఎవరి పేరున ఉందో చూసుకోండి. మా ఊళ్లో ఈ కారణంతోనే చాలా కార్డులు ఆగిపోయాయి. ఫారం ఇచ్చాక వీఆర్వో గారి పరిశీలన, ఆ పైన ఎదురుచూపులు. కార్డు ఆగస్టు 1న చేతికొచ్చింది. అప్పటికి ఊడ్పులు అయిపోయాయి.

కార్డు పట్టుకుని ఎంతో ఆశగా బ్యాంకుకు వెళ్లాను. ఏ బ్యాంకో చెప్పను. అదే సర్వే నంబరు మీద యజమానికి ఇప్పటికే పంట రుణం ఉంది, ఒకే భూమికి రెండు రుణాలు ఇవ్వలేమన్నారు. పదిమంది కలిసి బృందంగా వస్తే చూస్తామన్నారు. ఊడ్పులు అయ్యాక బృందం కట్టే తీరిక ఎవరికుంటుంది? నా గాజులు తాకట్టు పెట్టాను. చాలకపోతే నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాను. దుక్కి, ఊడ్పులు, కలుపు, ఎరువులు, మందులు, కోత అన్నీ కలిపి ఎకరాకు ముప్ఫై వేలు దాటుతుంది. పైగా సార్వా మక్తా ఎకరాకు పది బస్తాలు. ఆగస్టు, సెప్టెంబరుల్లో యూరియా దొరకక వరుసల్లో నిలబడ్డ బాధ ఈ జిల్లాల్లో అందరికీ తెలిసిందే, మళ్లీ చెప్పనక్కర్లేదు. రుణం కోసమే కార్డు తీసుకునేవాళ్లు మాత్రం ముందు బ్యాంకులో అడిగి, ఆ భూమి మీద యజమానికి బాకీ ఉందేమో తెలుసుకోండి.

ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే ఈ-పంట నమోదు సెప్టెంబరు 11న జరిగింది. సహాయకుడు చేలోకే వచ్చి ఫొటో తీసి, నా వేలిముద్ర తీసుకున్నాడు. రెండున్నర ఎకరాలు నా పేరున ఎక్కాయి. ఎకరంన్నర దగ్గర తెర మీద కామందు గారి నాన్నగారి పేరు కనిపించింది. సాగు చేసేది నేనేనని రాసుకుంటున్నాను, మీరు రసీదు దాచుకోండి అన్నాడు. ఆ చిన్న చీటీని ఆధార్ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో దాచాను. ఈ కథలో నన్ను ఒడ్డున వేసింది ఆ చీటీయే.

అక్టోబరులో చేలు చూడముచ్చటగా ఉన్నాయి. స్వర్ణ వేశాం. మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన రకం అది, మా మావయ్యగారికి దాని మీద ఉన్న నమ్మకం ఇంక దేని మీదా లేదు. నాగుల చవితికి కంకులు పాలు పోసుకుని బరువెక్కాయి. ఆ తర్వాత మూడో రోజు తుపాను. 28వ తేదీ మంగళవారం పొద్దుటి నుంచే గాలి. సాయంత్రానికి కరెంటు పోయింది. అర్ధరాత్రి వేళ నరసాపురం దగ్గర తీరం దాటిందని తర్వాత విన్నాం.

వరండాలో ఫారాలు నింపిన కుర్రాళ్లే ఆ సాయంత్రం పెంకుటిళ్లలో ఉన్న ముసలివాళ్లను ఒక్కొక్కరినీ బడికి తీసుకొచ్చారు. ఒక మామ్మగారు తన మేకను వదిలి రానంటే మేకనూ మోసుకొచ్చారు. డ్వాక్రా లీడరు, ఇంకో నలుగురు ఆడవాళ్లు బడి వంటగదిలో ఉప్మా, టీ చేసి అందరికీ పెట్టారు. మా ఇల్లు శ్లాబే కనుక మేం వెళ్లలేదు. రాత్రంతా కిటికీ పక్కనే కూర్చున్నాను. కొబ్బరి చెట్ల హోరులో పక్కగదిలో ఉన్న మావయ్యగారి మాట కూడా వినిపించలేదు. మా ఆయన మస్కట్ నుంచి చేస్తూనే ఉన్నారు, ఫోను కలవలేదు. గాలి తగ్గాక కూడా వాన ఆగకపోయేసరికి నా ఆలోచనంతా చేను మీదే.

తెల్లారాక వెళ్లి చూస్తే గట్టు కనిపించలేదు. చేను మొత్తం చాప పరిచినట్లు పడుకుని ఉంది, పైన మోకాలి లోతు నీరు. నీరు పోవాల్సిన మురుగు కాలువ నిండా గుర్రపుడెక్క. మా కోనసీమలో వాన వల్ల పోయే పంటకన్నా మురుగు పారక పోయే పంటే ఎక్కువ. 2011లో కోనసీమ రైతులు పంట వేయకుండా విరామం ప్రకటించినప్పుడు చెప్పిన కారణాల్లో ఇదీ ఒకటి. ఇన్నేళ్ల తర్వాత కూడా ప్రతి సార్వాకూ అదే గుర్రపుడెక్క, అదే నీరు. మావయ్యగారు గట్టున నిలబడి ఒక్క మాటా అనలేదు. ఆయన్ను అలా చూడడం నాకు చేను పోయినదానికన్నా కష్టమైంది.

మర్నాడు ఊళ్లో మగవాళ్లంతా కొడవళ్లు, తాళ్లు పట్టుకుని గుర్రపుడెక్క లాగడానికి దిగారు. పంచాయతీ ఒక పొక్లెయిన్ పిలిపించింది. నీరు తీయడానికి నాలుగైదు రోజులు పట్టింది. ఆ మధ్యలోనే డిగ్రీ కుర్రాళ్లు ప్రతి కౌలుదారు చేనుకూ వెళ్లి ఫొటోలు తీశారు. తేదీ, సమయం, స్థలం ఫొటో మీదే పడేలా తీసి, సర్వే నంబరు పలక మీద రాసి రైతు చేత పట్టించారు. అప్పుడు నాకు విసుగొచ్చింది కూడా, పలక పట్టుకుని నిలబడే ఓపిక లేదు. తర్వాత ఆ ఫొటోయే పనికొచ్చింది.

నవంబరు 3న నష్టం లెక్కించే బృందం వచ్చింది. 33 శాతం దాటి నష్టపోతేనే పరిహారానికి లెక్క. వరికి హెక్టారుకు 25 వేలు, అంటే ఎకరాకు 10 వేలు అని చెప్పారు. కార్తీక పున్నమి వెళ్లాక, 10వ తేదీన, జాబితా అతికించారు. గుంపులో నా పేరు వెతుక్కున్నాను. రెండున్నర ఎకరాలకు ఉంది. ఎకరంన్నర ఎదురుగా చనిపోయిన పెద్దాయన పేరుంది. మూడెకరాల ఆయన పరిస్థితి ఇంకా ఘోరం, ఆయన చేను మొత్తం కామందు పేరునే పడింది. ఇలాంటివి చాలా కనిపించాయి. జాబితా దగ్గర నిలబడ్డవాళ్లలో ఒకామె మాట రాక అలాగే చూస్తూ ఉండిపోయింది. చేను మునిగినప్పుడు ప్రకృతి కదా అని సర్దుకోవచ్చు. కాగితం మీద మనం లేకుండా పోవడాన్ని ఎలా సర్దుకోవాలి?

అభ్యంతరాలకు ఇచ్చిన గడువు కొద్ది రోజులే. ఒక అధికారి దగ్గరకు వెళితే, పేరు మార్చడం నా చేతిలో లేదు, ఇంకొకరిని కలవమన్నారు. ఆయన మళ్లీ మొదటివారి దగ్గరకే పొమ్మన్నారు. సర్పంచ్ గారికి చెప్పాం. 12న పాలకవర్గం అత్యవసరంగా కూర్చుంది. నిజంగా సాగు చేస్తున్నవాళ్ల పేర్లు, సర్వే నంబర్లు, విస్తీర్ణం వరుసగా రాయించి, ఈ పంట వేసింది, నష్టపోయింది వీళ్లేనని పంచాయతీ ధ్రువీకరిస్తోందని తీర్మానం చేసింది. ఆ తీర్మానం మీద సంతకం పెట్టిన కామందులూ ఉన్నారు. మా కామందు గారు హైదరాబాద్ నుంచి ఫోనులోనే, ఎకరంన్నర కూడా వాళ్లే చేస్తున్నారు, నాకు అభ్యంతరం లేదు అని వీఆర్వో గారికి చెప్పారు. ఆ తీర్మానం నకలు, ఈ-పంట రసీదు, పలకతో తీసిన ఫొటో, నా అర్జీ అన్నీ కలిపి మండల కేంద్రంలో ఇచ్చాం. అందినట్లు ముద్ర వేయించుకుని రమ్మని హెడ్మాస్టరు గారు ముందే చెప్పి పంపారు. గుమాస్తా మొదట ముద్ర వేయనన్నాడు. వేసేదాకా కదలమని మా సర్పంచ్ గారు బల్ల ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆమె వయసు అరవై పైన. ఆ రోజు మధ్యాహ్నం భోజనం కూడా చేయలేదు.

సవరించిన జాబితా 21న వచ్చింది. ఎకరంన్నర ఎదురుగా సాగుదారుగా నా పేరు ఉంది. మూడెకరాల ఆయన పేరూ వచ్చింది, కార్డు లేకపోయినా. విచారణకు వచ్చిన అధికారి తీర్మానం చదివి, పక్క చేల రైతులను అడిగి రాసుకున్నారు. కొందరివి మారలేదు. పంట నమోదులోనే కామందు వేలిముద్ర పడినవాళ్లకు ఏమీ చేయలేమన్నారు. వాళ్ల కోసం పంచాయతీ మళ్లీ రాసింది.

పాలకవర్గం 12న కూర్చున్నప్పుడే మక్తా సంగతీ వచ్చింది. పంట సగం పోయినప్పుడు మక్తా పూర్తిగా అడగవద్దని, నష్టాన్ని బట్టి తగ్గించుకోవాలని పాలకవర్గం యజమానులను కోరింది. దీనికి చట్టబలం లేదు, కోరిక మాత్రమే. అయినా ఊరు ఒక మాట మీద నిలబడేసరికి చాలామంది తగ్గించారు. మా కామందు గారు పది బస్తాలకు ఆరు చాలన్నారు. ఒకరిద్దరు ఒక్క కుంచం కూడా తగ్గించలేదు. వాళ్లను అందరూ మాటలన్నారు, నేను అనలేదు. కానీ ఆ కౌలుదార్ల ముఖాలు చూస్తే నాకు కోపం ఆగదు.

నవంబరు 30, ఆదివారం. సేవ చేసినవాళ్లను సన్మానించాలని పంచాయతీ నిర్ణయించింది. శాలువాలు పంచాయతీ డబ్బుతో కొనలేదు, వార్డు సభ్యులు తలా కొంత వేసుకున్నారు. రావిచెట్టు కింద షామియానా. హెడ్మాస్టరు గారిని పిలిస్తే, ముందు పిల్లలను పిలవండి అన్నారు. డిగ్రీ కుర్రాళ్లలో ఒకడు పరీక్షలకని ఊళ్లో లేడు, వాళ్లమ్మ వచ్చి శాలువా అందుకుంది. ఆమె కూడా కౌలు చేనులో పనిచేసే మనిషే. జిరాక్సు అబ్బాయి సిగ్గుపడి వేదిక ఎక్కనంటే చేయి పట్టుకుని ఎక్కించారు. డ్వాక్రా లీడరు మైకు తీసుకుని, తుపాను రాత్రి వంట చేసిన నలుగురి పేర్లూ చెప్పి, వాళ్లను కూడా పిలిస్తేనే శాలువా కప్పించుకుంటానంది. అందరినీ పిలిచారు. శాలువాలు చాలకపోతే సర్పంచ్ గారు తన మెడలో వేసిన దండ తీసి ఒకామెకు వేశారు.

కౌలుదార్ల తరఫున నన్ను మాట్లాడమన్నారు. మైకు ముందు నిలబడడం నాకు అలవాటు లేదు, కాళ్లు వణికాయి. మా పేరు మా పంట ఎదురుగా రాయించారు, ఆ మేలు మరచిపోం అన్నాను. అంతకన్నా మాటలు రాలేదు. దిగి వస్తుంటే మూడెకరాల ఆయన భార్య నా చేయి గట్టిగా పట్టుకుంది.

కోతలు డిసెంబరు మొదటి వారంలో అయ్యాయి. పడిపోయిన చేనుకు మామూలు యంత్రం పనికిరాదు, చైన్ యంత్రం కావాలి. అది మామూలుగా పట్టే సమయానికి రెట్టింపు తీసుకుంది, గంటల లెక్కన అద్దె కనుక ఖర్చూ రెట్టింపు అయింది. ఎకరాకు ఇరవై ఎనిమిది, ముప్ఫై బస్తాలు రావాల్సిన చోట పదిహేనే వచ్చాయి. తాలు ఎక్కువ, రంగు మారిన గింజ ఎక్కువ. 2025-26లో మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలుకు 2,369 రూపాయలు, అంటే 75 కిలోల బస్తాకు 1,776 చిల్లర. తేమ 17 శాతం దాటకూడదు కనుక రోడ్డు మీద ఆరబెట్టి, రాత్రుళ్లు కాపలా కాశాం. ధాన్యం డబ్బు మాత్రం ఈసారి నేరుగా నా ఖాతాలో పడింది. ఇన్నేళ్లూ కామందు ఖాతాలో పడితే వాళ్లు వీలు చూసుకుని ఇచ్చేవారు. ఈ ఒక్క తేడా కోసమైనా కార్డు తీసుకోవాలని నేను అందరికీ చెబుతున్నాను. గాజులు ఇంకా తాకట్టులోనే ఉన్నాయి.

నష్టపరిహారం ఇది రాసే నాటికి ఖాతాలో పడలేదు. జాబితాలో పేరుంది, తీర్మానం నకలు నా దగ్గరుంది. దాళ్వాకు, అంటే రెండో పంటకు, ఆకుమడి పోశాం. కామందు గారు సంక్రాంతికి వచ్చినప్పుడు వాళ్ల నాన్నగారి పేరునున్న ఎకరంన్నర వారసుల పేరు మీదకు మార్పించడానికి దరఖాస్తు పెడతామన్నారు. దానికి కావలసిన మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, పాత దస్తావేజుల నకళ్ల పట్టీ హెడ్మాస్టరు గారు ఇప్పటికే రాసి నాకు ఇచ్చారు. జిరాక్సు అబ్బాయికి కాగితాల డబ్బు ఇవ్వబోతే ఈసారీ తీసుకోలేదు. ఒక బస్తా బియ్యం వాళ్లింటికి పంపాను.